మార్కులకు ముందు అడ్మిషన్ రిజిస్టర్ చూడాలి

వేసవి సెలవుల తర్వాత బడి తెరిచిన మొదటి వారంలో, ఆరో తరగతిలో చేరిన పిల్లలకు మేము ఒక చిన్న పరీక్ష పెడతాం. కిందటేడు అందులో ఒక లెక్క ఇచ్చాం. దీర్ఘచతురస్రాకారంలో ఉన్న తోట పొడవు 12 మీటర్లు, వెడల్పు 8 మీటర్లు. దాని చుట్టుకొలత ఎంత? ప్రశ్నపత్రం ఒడియాలో ఉంది. రేవు నుంచి వచ్చే ఒక కుర్రాడు ఆ లెక్క దగ్గర ఖాళీ వదిలేశాడు. కాగితాలు దిద్దాక పిలిచి అదే లెక్క తెలుగులో చెప్పాం. సుద్దముక్క చేతికివ్వకముందే "నలభై మీటర్లు మాస్టారూ" అన్నాడు. మరి రాయలేదేం అంటే "పరిసీమా అంటే ఏటో తెలీలేదండి" అన్నాడు.

మార్కుల పుస్తకంలో మాత్రం అక్కడ సున్నాయే ఉంది. ఆ పుస్తకం చూసిన వాళ్లెవరైనా ఈ కుర్రాడికి లెక్కలు రావనే అనుకుంటారు. నాలుగుసార్లు అలా అనిపించుకుంటే ఆ కుర్రాడూ అదే అనుకుంటాడు.

గంజాం జిల్లాలో, బరంపురం చుట్టుపక్కల చిన్న పట్టణాల ప్రభుత్వ బడుల్లో ఆరు, ఏడు, ఎనిమిది తరగతులకు చెప్పే మాలాంటివాళ్లకు ఇది ఏటా ఎదురయ్యేదే. ఫలితాలు ఎలా ఉన్నాయని పై అధికారులు అడుగుతారు, ఊళ్లోవాళ్లూ అడుగుతారు. అసలు బడిలో చదువుతున్నది ఎవరని అడిగేవాళ్లు తక్కువ. రెండో ప్రశ్నకు జవాబు తెలియకుండా మొదటిదానికి జవాబు చెప్పలేం.

బడిలో ఉన్నది ఎవరు?

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేదాకా గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. సరిహద్దు గీత మారింది గాని ఇళ్లలో మాట మారలేదు. బరంపురం పట్టు నేసే దేవాంగుల ఇళ్లలో, గోపాలపూర్, సోనాపూర్, రామాయపట్నం వంటి రేవుల్లో, ఇచ్ఛాపురం వైపున్న సరిహద్దు పల్లెల్లో ఈనాటికీ తెలుగే. 2011 జనాభా లెక్కల ప్రకారం ఒడిశాలో తెలుగు మాతృభాషగా చెప్పినవారు ఆరున్నర లక్షలకు పైగా ఉన్నారు. వారిలో ఎక్కువ మంది దక్షిణ జిల్లాల్లోనే ఉంటారు.

ఆ ఇళ్ల పిల్లలందరూ మా బడికి రారు. కొద్దో గొప్పో వ్యాపారం ఉన్నవాళ్లు ఇంగ్లీషు మీడియం ప్రైవేటు బడులకు పంపుతున్నారు. ఐదో తరగతి అయ్యాక చురుకైన పిల్లలు నవోదయకో, ఒడిశా ఆదర్శ విద్యాలయానికో ప్రవేశ పరీక్ష రాసి వెళ్తారు. ఆ రెండింటిలోనూ ప్రవేశం ఆరో తరగతిలోనే. అంటే మా ఆరో తరగతి మొదలయ్యేటప్పటికే ముందు వరుసలోంచి కొందరు లేచి వెళ్లిపోయి ఉంటారు. వాళ్లు బాగుపడితే మాకు సంతోషమే. కానీ ఆ బడుల ఫలితాలనూ మా ఫలితాలనూ పక్కపక్కన పెట్టి పోల్చేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

మిగిలేది మగ్గం మీద, వల మీద, రోజు కూలి మీద బతికే ఇళ్ల పిల్లలు. తండ్రి సూరత్ మిల్లులో ఉంటే అమ్మమ్మ దగ్గర పెరిగేవాళ్లు, వేట సీజనుకు కుటుంబంతో పాటు వేరే రేవుకు వెళ్లి రెండు నెలల తర్వాత తిరిగొచ్చేవాళ్లు, శ్రీకాకుళం వైపు నుంచి పనికి వచ్చిన కుటుంబాలవాళ్లు. వీళ్లతో పాటు అదే బెంచీ మీద ఒడియా ఇంటి పిల్లలు. వాళ్లూ పేదవాళ్లే. తేడా ఒక్కటే, పాఠం వాళ్ల ఇంటి మాటలో ఉంటుంది.

తెలుగు పిల్లలు కూడా అందరూ ఒక్కలా ఉండరు. ఐదో తరగతి వరకు తెలుగు మాధ్యమంలో చదివి వచ్చినవాళ్లకు చదవడం రాయడం వచ్చు, ఒడియా పుస్తకం రాదు. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ ఒకటో తరగతి నుంచే ఒడియా మాధ్యమంలో చదివినవాళ్లకు ఒడియా అక్షరాలు వచ్చు, తెలుగులో తమ పేరు రాయడం రాదు. ఈ ఇద్దరూ ఆరో తరగతిలో ఒకే గదిలో కలుస్తారు. మాలాంటి బడిలో ఆరు నుంచి తెలుగు ఒక పీరియడు మాత్రమే. లెక్కలు, సైన్సు, సాంఘికం ఒడియాలోనే.

సగటు చెప్పే అబద్ధం

ఇలా కలగలిసిన తరగతికి సగటు మార్కు ఒక్కటే వేస్తే ఏం జరుగుతుందో చూద్దాం. ఇవి ఏ బడివీ కాదు, విషయం తెలియడానికి వేసుకున్న అంకెలు.

తరగతిలో 30 మంది. ఒడియా ఇంటి పిల్లలు 18 మంది, వాళ్ల సగటు 60. తెలుగు ఇంటి పిల్లలు 12 మంది, వాళ్ల సగటు 35. మొత్తం తరగతి సగటు 50 వస్తుంది. "ఫరవాలేదు, సగం మార్కులు" అని కాగితం పక్కన పెట్టేస్తారు. ఆ 35 ఎవరి కంటా పడదు.

మరుసటి ఏడు ఉపాధ్యాయులు గట్టిగా పట్టించుకున్నారు. తెలుగు పిల్లల సగటు 35 నుంచి 40కి పెరిగింది. ఒడియా పిల్లల సగటు 60 దగ్గరే ఉంది. కానీ ఆ ఏడు చేరికలు మారాయి. ఒడియా ఇంటి పిల్లలు 12 మంది, తెలుగు ఇంటి పిల్లలు 18 మంది. ఇప్పుడు తరగతి సగటు 48. ఏ గుంపూ దిగజారలేదు, ఒక గుంపు మెరుగుపడింది కూడా. అయినా బడి సగటు రెండు మార్కులు తగ్గింది. సమీక్ష సమావేశంలో ఆ ప్రధానోపాధ్యాయుడు లేచి నిలబడి సంజాయిషీ చెప్పుకోవాలి.

అందుకే మేము మార్కుల పట్టీని రెండు ముక్కలుగా రాసుకోవడం మొదలుపెట్టాం. పిల్లవాడి ఇంటి మాట ఏది, ఐదో తరగతి దాకా ఏ మాధ్యమంలో చదివాడు అన్న రెండు గళ్లు పేరు పక్కన అదనంగా గీసుకున్నాం. పెద్ద పనేం కాదు, స్కేలు, పెన్సిలు చాలు. ఆ రెండు గళ్లు గీశాక ఎవరికి ఏం చెప్పాలో తెలిసింది.

లెక్క వచ్చు, మాట రాదు

కూడిక ఒడియాలో మిశాణ, తీసివేత ఫేడాణ, భాగహారం హరణ. చుట్టుకొలత పరిసీమా, వైశాల్యం క్షేత్రఫళ, భిన్నం భగ్నాంశ. అసలు మూలధన, వడ్డీ సుధ. ఐదేళ్లు తెలుగులో లెక్కలు చేసిన పిల్లవాడు ఇవన్నీ ఒక్క జూన్ నెలలో మార్చుకోవాలి. పైగా ఒడియా పుస్తకంలో అంకెలూ ఒడియావే. ఒడియా నాలుగు చూడ్డానికి పైన మూత తెరిచిన 8లా ఉంటుంది. కొత్తగా చేరిన పిల్లలు నాలుగును ఎనిమిదిగా చదువుకుని, ఆ ఎనిమిదితో తప్పు లేకుండా లెక్క చేసి, తప్పు జవాబు రాయడం మేము చాలాసార్లు చూశాం.

ఇంకో రకం చిక్కు ఉంది. రెండు భాషల్లోనూ ఒకేలా వినిపించి అర్థం మారిపోయే మాటలు. ఒడియాలో శిక్షా అంటే చదువు. మనకు శిక్ష అంటే దండన. ఒడియాలో చరిత్ర అంటే నడవడిక, మనకు చరిత్ర అంటే గడిచిన కాలపు కథ. వాళ్లకు ఉపన్యాస అంటే నవల, అవసర అంటే తీరిక. తెలియని మాట దగ్గర పిల్లవాడు ఆగి అడుగుతాడు. తెలిసిందనుకున్న మాట దగ్గర ఆగడు, తప్పు దారిలో చివరిదాకా వెళ్లిపోతాడు.

అయితే ఇదే చుట్టరికం మనకు సాయం కూడా చేస్తుంది. భిన్నంలో పైది లవ, కిందిది హర. మన లవం, హారం ఇవే. త్రిభుజ, కోణ, వ్యాస, పరిధి అన్నీ తెలిసిన ముఖాలే. పదాల జాబితా ఇచ్చి బట్టీ పట్టమనడం కన్నా, ఏవి చుట్టాలో ఏవి దొంగ చుట్టాలో విడదీసి చెబితే పిల్లలు నవ్వుతూ నేర్చుకుంటారు. ఆరో తరగతి గోడకు మేము మూడు వరుసల పట్టిక తగిలించాం. తెలుగు మాట, ఒడియా మాట, ఇంగ్లీషు మాట. పాఠంలో కొత్త మాట వచ్చినరోజే ఒక పిల్లవాడు లేచి దాన్ని అక్కడ రాస్తాడు. ఒడియా పిల్లలు తెలుగు వరుస చదువుతారు, తెలుగు పిల్లలు ఒడియా వరుస చదువుతారు.

రెండు ఒడ్లూ ఉన్నాయి, నడుమ వారధి లేదు

చట్టం ఏం చెబుతోంది? 1956లో ఏడో సవరణతో రాజ్యాంగంలో చేరిన 350ఎ అధికరణం, భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక స్థాయిలో మాతృభాషలో బోధనకు తగిన వసతులు కల్పించాలంటుంది. అంతకుముందే 1949లో రాష్ట్రాల విద్యామంత్రుల సమావేశం ఒక కొలత పెట్టింది. బడిలో 40 మంది గాని, తరగతిలో 10 మంది గాని ఒక మాతృభాష పిల్లలుంటే ఆ భాషలో చెప్పే ఉపాధ్యాయుడిని ఇవ్వాలి. ఇది ప్రాథమిక స్థాయి మాట.

అటు చివర పదో తరగతిలో ఒడిశా బోర్డు తెలుగును ప్రథమ భాషగా రాయనిస్తుంది. ఐదు దాకా ఒక ఒడ్డు, పది దగ్గర ఇంకో ఒడ్డు. మధ్యలో ఆరు, ఏడు, ఎనిమిది తరగతులున్నాయి. ఆ మూడేళ్లు తెలుగు సరిగా చెప్పే మనిషి లేకపోతే, పదిలో ప్రథమ భాష తెలుగు అన్న హక్కు కాగితం మీదే ఉంటుంది. ఐదో తరగతి తెలుగుతో పదో తరగతి పరీక్ష ఎవరు రాయగలరు?

2009 విద్యాహక్కు చట్టం ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలందరికీ, అంటే ఎనిమిదో తరగతి దాకా, వీలైనంత వరకు మాతృభాషలో బోధన ఉండాలంటుంది. 2020 జాతీయ విద్యావిధానం కనీసం ఐదు వరకు, వీలైతే ఎనిమిది వరకు అంటుంది. అయితే అదే విద్యాహక్కు చట్టం ఆరు నుంచి ఎనిమిది తరగతుల బడికి కనీసంగా అడిగేది సైన్సు-లెక్కలకు ఒకరు, సాంఘికానికి ఒకరు, భాషలకు ఒకరు. భాషలన్నింటికీ కలిపి ఒక్కరు. ఒడియా, ఇంగ్లీషు, తెలుగు మూడూ నడవాల్సిన బడిలో ఆ ఒక్కరు ఏ భాష మనిషి అవుతారో చెప్పనక్కర్లేదు.

తెలుగు పోస్టు కోసం ఏ ఆఫీసుకు వెళ్లినా మొదట అడిగేది ఒక్కటే. "మీ బడిలో తెలుగు పిల్లలు ఎంతమంది?" తరగతిలో చూసి చెబితే కుదరదు. రిజిస్టరులో ఉన్న సంఖ్యే సంఖ్య.

ఒక్క గడి

ఇక్కడే మన చేతిలో ఉన్న పని వస్తుంది. అడ్మిషన్ రిజిస్టరులోనూ, ఇప్పుడు యూడైస్ ప్లస్‌లో పిల్లవాడి వివరాల్లోనూ మాతృభాష అన్న గడి ఉంది. బడిలో చేర్చేరోజు అది నింపాలి. చాలాసార్లు ఎవరూ అడగకుండానే ఒడియా అని నిండిపోతుంది. మేము అడిగినప్పుడు కొందరు తల్లిదండ్రులే అంటారు: "ఒడియా అనే రాసేయండి మాస్టారూ. తెలుగంటే రేపు పిల్లడి ఉద్యోగానికి అడ్డొస్తాదేమో."

ఆ భయం ఎక్కడి నుంచి వచ్చిందో మాకు తెలుసు. ఒడిశా ప్రభుత్వ ఉద్యోగాల నోటిఫికేషన్లలో తరచూ ఒక షరతు కనిపిస్తుంది. ఒడియా మాట్లాడటం, చదవడం, రాయడం రావాలి. మిడిల్ స్కూల్ స్థాయిలో ఒడియా ఒక భాషగా పాసై ఉండాలి, లేదా దానికి సమానమైన పరీక్ష ఏదైనా గట్టెక్కాలి. జాగ్రత్తగా చదవండి. అది అడుగుతున్నది పిల్లవాడికి ఒడియా వచ్చా రాదా అని. ఇంట్లో ఏం మాట్లాడతారని అడగడం లేదు. మాతృభాష గడిలో తెలుగు అని రాయించి, ఒడియాను ఒక భాషగా బాగా చదివించి పాస్ చేయిస్తే ఆ షరతు తీరిపోతుంది. గడిలో ఒడియా అని రాయించినంత మాత్రాన షరతు తీరదు. పోయేది తెలుగు ఉపాధ్యాయుడి పోస్టు.

మా పిల్లలకు ఒడియా బాగా రావాలని అందరికంటే ముందు కోరుకునేది మేమే. ఈ రాష్ట్రంలో పుట్టారు, ఇక్కడే బతకాలి. బస్సు బోర్డు, ఆసుపత్రి చీటీ, పోలీసు స్టేషను కాగితం అన్నీ ఒడియాలోనే ఉంటాయి. తెలుగు మాధ్యమం బడి ఒడియాను తేలిగ్గా తీసుకుంటే అది పిల్లలకు చేసిన ద్రోహమే. మేము అడిగేది వరుస గురించి. ఇంటి మాటలో విషయం అర్థమైతే, ఆ అర్థం చేత పట్టుకుని ఒడియా నేర్చుకుంటాడు. రెండూ ఒకేసారి తెలియకుండా పోతే దేన్ని పట్టుకుంటాడు?

ఇది మనం కొత్తగా కనిపెట్టిన మాట కాదు. గిడుగు రామమూర్తి పంతులు 1880లో పర్లాకిమిడి రాజావారి బడిలో ఫస్టు ఫారం పిల్లలకు చరిత్ర చెప్పే ఉపాధ్యాయుడిగా చేరారు. ఫస్టు ఫారం అంటే ఇప్పటి ఆరో తరగతే. పర్లాకిమిడి అప్పట్లో గంజాం జిల్లాలోది. అక్కడి కొండల్లోని సవర పిల్లలకు వాళ్ల మాటలోనే చదువు చెప్పాలని ఆయన సవర నేర్చుకున్నారు, పుస్తకాలు రాశారు, సొంత ఖర్చుతో బడులు నడిపారు. ఆయన సవర వ్యాకరణం 1931లో, సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లో అచ్చయ్యాయి. తెలుగు పంతులు సవర పిల్లల కోసం పడిన పాటు అది. 2006-07 నుంచి ఒడిశా ప్రభుత్వం గిరిజన భాషల్లో ప్రాథమిక బోధన నడుపుతోంది. అందులో సవర ఉంది. ఇంటి మాట నుంచి బడి మాటకు నడిపించాలన్న సూత్రం ఈ ప్రభుత్వానికి తెలియనిది కాదు. సరిహద్దుకు అవతల ఇచ్ఛాపురం ప్రాంతంలో ఒడియా మాధ్యమం బడులున్నాయి. అక్కడి ఒడియా తల్లిదండ్రులు కోరేదీ ఇదే.

ఈ ఏడు చేయగలిగినవి

తల్లిదండ్రులకు మా విన్నపం. పిల్లల్ని చేర్చేటప్పుడు మాతృభాష గడి మీ ఎదుటే నింపించండి. ఇప్పటికే చేరిన పిల్లలకు ఏమని ఉందో ఒకసారి చూపించమని అడగండి. భాషా అల్పసంఖ్యాకుల రక్షణల్లో ముందస్తు రిజిస్టరు అని ఒకటి ఉంది. విద్యా సంవత్సరానికి మూడు నెలల ముందే ఏ భాషలో చదివించాలనుకుంటున్నారో అందులో నమోదు చేసుకోవచ్చు. అడిగేవాళ్లు లేకపోతే అది తెరుచుకోదు. పదిమంది కలిసి అడిగితే ప్రధానోపాధ్యాయుడికీ పైకి రాయడానికి ఒక ఆధారం దొరుకుతుంది. అక్కడ పని జరగకపోతే భాషా అల్పసంఖ్యాకుల కమిషనర్ కార్యాలయం 1957 నుంచి ఉంది. దానికి అర్జీ తెలుగువాళ్లెవరైనా రాయవచ్చు.

ఏడో తరగతి పిల్లలున్న ఇళ్లవారికి ఇంకో మాట. జాతీయ ప్రతిభా ఉపకార వేతనం పరీక్ష ఎనిమిదో తరగతిలో ఉంటుంది. కుటుంబ ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షలు దాటకూడదు. సాధారణంగా ఏడో తరగతిలో 55 శాతం మార్కులుండాలి, ఎస్సీ, ఎస్టీలకు 5 శాతం సడలింపు ఉంది. ఎంపికైతే తొమ్మిది నుంచి పన్నెండు దాకా ఏడాదికి 12,000 రూపాయలు వస్తాయి. వల మానేసి బడికి రమ్మని చెప్పడానికి మా దగ్గరున్న గట్టి మాటల్లో ఇదొకటి. ఆ 55 శాతం ఏడులో రావాలంటే ఆరులో మాట అడ్డం తొలగాలి.

తోటి ఉపాధ్యాయులకు చెప్పేది తక్కువే. ఆరో తరగతి మొదటి రెండు నెలలు ప్రశ్న రెండు భాషల్లో చదివి వినిపించండి. రాతపరీక్షలో ఖాళీ వదిలిన ప్రతి లెక్కా ఒకసారి నోటితో అడగండి. నోటితో చెప్పగలిగిన పిల్లవాడి పేరు పక్కన ఒక చుక్క పెట్టుకోండి. చుక్కలున్నవాళ్లకు కావలసింది మాటల పట్టిక, చుక్కలు లేనివాళ్లకు కావలసింది లెక్కల పాఠం. ఇద్దరినీ వెనకబడినవాళ్లని ఒకే గాటన కట్టి ఒకే రెమెడియల్ క్లాసులో కూర్చోబెడితే ఇద్దరి కాలమూ వృథా.

ఆ రేవు కుర్రాడు ఇప్పుడు ఏడులో ఉన్నాడు. మొన్నటి పరీక్షలో పరిసీమా లెక్క ఒడియాలోనే చేశాడు. సుధ లెక్క ఇంకా తడబడుతున్నాడు, నేర్చుకుంటాడు. వాళ్లమ్మ ఈ ఏడు చిన్నదాన్ని ఒకటో తరగతిలో చేర్చడానికి వచ్చింది. మాతృభాష గడి దగ్గర మా కలం ఆగింది. ఆమె కొడుకు వైపు ఒకసారి చూసి "తెలుగనే రాయండి మాస్టారూ" అంది. రాశాం.